జేబులో పెళ్లాం, పొడుగాటి ఇల్లు

చింతపండు పిక్కలు తీస్తుంటే ఆ పులుపు వాసన ముక్కుకు తగలగానే నాకు సుభద్ర పిన్నిగారి గొంతు వినిపిస్తుంది. ఈ మధురవాడ అపార్ట్‌మెంటులో, ఐదో అంతస్తులో ఉండి కూడా మనసులో గాజువాక వెళ్లిపోతాను. అక్కడ వాళ్ల వాటాకీ మా వాటాకీ మధ్య గోడ ఒక్కటే. ఆవిడది గోదావరి వైపు. భర్తకు స్టీల్‌ప్లాంటులో పని. నేను మూడో తరగతిలోనే బడి మానేసినదాన్ని. మధ్యాహ్నం మూడింటికి నలుగురం ఆడవాళ్లం చింతపండో చిక్కుడుకాయలో ముందేసుకుని ఆవిడ వరండాలో కూర్చుంటే, వారపత్రికల్లోంచి కథలు పైకి చదివేవారు. ఎప్పుడూ రెండేసి చదివేవారు. "పక్కపక్కన పెట్టి చూడాలే, గోంగూర కట్టలు చూసినట్టు. అప్పుడే దేని సంగతేంటో తెలుస్తుంది" అనేవారు.

ఒకరోజు చదివినవి రెండూ వింత కథలే. మొదటిదానిలో ఒకడికి పెళ్లాం మీద ప్రేమ ఎక్కువైపోయి, ఎక్కడ తప్పిపోతుందోనని ఆమెను వేలెడంత చేసి, చొక్కా జేబులో పెట్టుకుని బొత్తాం వేసేస్తాడు. ఆమెకు వాడి గుండె చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. రెండోదానిలో మొగుడూ పెళ్లాం మాట్లాడుకోని ప్రతిపూటా ఇల్లు ఒక గది పొడుగు పెరుగుతుంది. చివరికి వంటింటి నుంచి వాడి మంచం దాకా ఒక రోజు నడక. ఆమె అన్నం పట్టుకుని వెళ్లేసరికి అది పాచిపోతుంది.

"ఏమే గౌరీ, ఇద్దరిలో ఎవరి బాధ పెద్దదంటావు?" అన్నారు పిన్నిగారు.

"జేబులో అయితే సెమట కంపు పిన్నిగారూ!" అంది ఎదురింటి రవణమ్మ. "నడకే నయం. ఒళ్లన్నా తగ్గుతాది."

అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. అప్పటికి మా ఆయనకీ నాకూ పదకొండు రోజులుగా మాటల్లేవు. అచ్యుతాపురంలో ఒక కంపెనీలో ప్యాకింగ్ పని దొరికింది, వెళ్తానన్నాను. "ఆడది అంత దూరం ఎల్లి పంజేత్తే నాకు పరువుంటాదేటి?" అన్నారు. ఆ రోజు నుంచి అన్నం పళ్లెం ఆయన గది గుమ్మం దగ్గర పెట్టి వచ్చేసేదాన్ని. పరవాడలో అమ్మ దగ్గరికి వెళ్లిపోదామని బట్టలు కూడా సర్దుకున్నాను. పిన్నిగారు ఇవేవీ అడగలేదు. "జవాబుకి తొందరలేదు. ఎవరికైనా చెప్పి చూడు, చెబుతుంటే నీకే తెలుస్తుంది" అన్నారంతే.

మర్నాడు పొద్దున్న అమ్మ దగ్గరున్న చెల్లికి ఫోన్ చేశాను. మా ఆయన నైట్ డ్యూటీ నుంచి వచ్చి గోడవైపు తిరిగి పడుకున్నారు.

"నాను రేపొచ్చీత్తాను సెల్లీ. ఈలోగా ఒక కత సెప్తాను, ఇను. జేబులో పెళ్లాం అన్నం గిన్నెట్టుకుని నడుత్తంది, నడుత్తంది, ఎంత నడిసినా ఆ ఇల్లు తెగట్లేదు..."

"జేబులో మనిసి ఇంట్లో ఎలగ నడుత్తాదే? అది వేరే కత!"

మంచం మీద నుంచి వచ్చింది ఆ మాట. పన్నెండో రోజుకి మొదటి మాట.

"నీకెలగ తెలుసు?"

"రోజూ మద్దేనం గోడవతల ఆయమ్మ సదువుతాది కదా. సెవులు మూసుకోమంటావేటి?"

నిద్రపోతున్నారనుకున్న మనిషి ఇన్నాళ్లూ కథలన్నీ విన్నారన్నమాట. నాకు కోపం, నవ్వు ఒకేసారి వచ్చాయి.

"అయితే సెప్పు, ఆ ఇద్దరు మొగుళ్లలో ఎవుడు ఎదవ?"

"జేబోడే. బొత్తాం కూడా ఏసీసినాడు."

"రెండోడు మంచోడేటి? అది రోజంతా నడుత్తంటే ఒక్కడుగైనా ఎదురొచ్చినాడా?"

ఫోన్‌లో చెల్లి "అక్కా, ఇంతకీ రేపొత్తన్నావా లేదా?" అని ఒకటే నవ్వు. కాసేపటికి మంచం కిర్రుమంది. ఆయన లేచి వంటింట్లోకి వచ్చి, పళ్లెం తనే తీసుకుని, నా ఎదురుగా నేల మీద కూర్చున్నారు. రెండు ముద్దలు తిన్నాక, తల దించుకునే అడిగారు.

"ఆ కంపెనీ బస్సు ఎన్నింటికొత్తాది?"

గోడవతల పిన్నిగారు గట్టిగా దగ్గారు.

ఆ సాయంత్రం వెళ్లి, కథ తప్పు చెప్పేశానని ఆవిడతో అన్నాను. "తప్పెందుకవుతుందే? మీ ఇంట్లో రెండూ ఒకేసారి నడుస్తున్నాయి మరి!" అని విరగబడి నవ్వారు.

ఇప్పుడు ఆవిడ లేరు. నాకు నేటికీ ఒక్క కథ వింటే చాలదు. దాని పక్కన పెట్టడానికి ఇంకొకటి కావాలి. ఎవరైనా తమ కాపురం గురించి చెప్పుకుని కళ్లు తుడుచుకుంటే సలహా ఇవ్వను. రెండు కథలు చెప్పి, ఎవరి బాధ పెద్దదంటావని అడిగి, ఆపైన నోరు మూసుకుంటాను. ఆవిడ దగ్గర నేర్చుకున్న వాటిలో నాకు కష్టమైంది ఆ నోరు మూసుకోవడమే. కావాలంటే మా ఆయన్ని అడగండి.