బురుజులో మా సగం

నా చిన్నప్పుడు మా ఊళ్ళో రాజీ కుదిరిన రోజున మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఊరంతా లడ్లు పంచుకుంటుంటే మా జేజి, అంటే మా నాయన తల్లి, వంటింటి గడప మీద అడ్డంగా కూర్చుని ఎవరినీ లోపలికి పోనివ్వలేదు. మా అమ్మ రెండుసార్లు బతిమాలి ఊరుకుంది. మా నాయన అటువైపే రాలేదు. ఆకలికి నాకు ఏడుపొస్తే జేజి ఒక బెల్లం ముక్క నా చేతిలో పెట్టి పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ రోజు ఆమె ముఖంలో దుఃఖం ఉందనుకున్నాను. అది దుఃఖం కాదు, ఆమె ఆలోచిస్తోంది.

మా ఊరు గండికోట దారికి కాస్త ఎడంగా ఉంటుంది. పై వీధి ఒక పార్టీ, కింది వీధి ఒక పార్టీ. మేము పై వీధివాళ్ళం, మా నాయనే ఆ వీధికి పెద్ద. రెండు వీధులూ కలిసే చోట పాళెగాళ్ళ కాలం నాటి బురుజు ఒకటి ఉంది. గుండ్రంగా, మూడు మిద్దెల ఎత్తున, నడుము దాకా పగుళ్ళు పట్టి ఉండేది. మా చిన్నాయన, జేజి చిన్నకొడుకు, ఆ బురుజు కిందనే పోయాడు. శనగచేను నుంచి వస్తుంటే కింది వీధి మనిషొకడు మాటున కాచుకుని నాటుబాంబు వేశాడు. ఆ మనిషి ఎవరో ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. బాంబు తగిలిన చోట రాయి పెచ్చులేచి, కుండ పట్టేంత గుంట పడి, చుట్టూ నల్లగా మాడింది.

మావాళ్ళు ఊరుకోలేదు. ఏడాది తిరగకముందే కింది వీధి పెద్ద తమ్ముణ్ణి అదే బురుజుకు అవతలి పక్క నరికారు. ఆ పక్క రాళ్ళ మీద వేటకొడవలి గాట్లు పడ్డాయి. మావాళ్ళంటే ఎవరని నేనెప్పుడూ అడగలేదు, మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు. ఇటు మా జేజికి కొడుకు పోయాడు, అటు కింది వీధి పెద్దామెకు కొడుకు పోయాడు. మిగిలిన కొడుకులిద్దరే రెండు వీధులకూ పెద్దలు.

ఆ ఇద్దరు పెద్దలకూ కొన్నాళ్ళకు పగ బరువైంది. ఎలక్షన్లు దగ్గరపడ్డాయి, పైన ఎవరో పెద్దమనిషి ఇద్దరినీ కూర్చోబెట్టి కలిసి బతకండి అన్నాడు. జమ్మలమడుగులో ఒక గెస్టుహౌసులో మాటలు జరిగాయి. ఆడవాళ్ళను ఎవరూ పిలవలేదు. కుదిరిన షరతులు ఇవి. రెండు కేసుల్లోనూ సాక్షులు మేమేమీ చూడలేదని చెప్పాలి. బురుజును పడగొట్టాలి. ఆ రాళ్ళతో ఊరి ముందర పెద్దలిద్దరి పేర్లూ చెక్కి బస్సు షెల్టరు కట్టాలి. గుర్తు లేకపోతే పగ కూడా పోతుందని వాళ్ళ లెక్క. తమ్ముళ్ళను పోగొట్టుకున్న అన్నలిద్దరూ దానికి తలలూపి, భుజాల మీద చేతులు వేసుకుని ఇంటికి వచ్చారు. ఆ దృశ్యం తలుచుకుంటే ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు ఒళ్ళు మండుతుంది. మా నాయన మీద నాకు ప్రేమ లేదని కాదు. కానీ ఆ చేయి అక్కడ వేసినందుకు ఆయన్ను నేను ఎన్నడూ క్షమించలేదు.

మర్నాడు పొద్దున్నే జేజి నన్ను లేపింది. ఇంటికి వెల్ల వేయగా మిగిలిన సున్నం బానలో ఉంటే దాన్ని ఇసుకతో కలిపింది. నా నెత్తిన చిన్న గంప పెట్టి బురుజు దగ్గరికి తీసుకెళ్ళింది. నేలకు దగ్గరగా ఉన్న పగుళ్ళలో చేత్తోనే సున్నం కూరడం మొదలుపెట్టింది. ఆమెకు ఆ పని రాదు. ఆ తర్వాత నా ఉద్యోగంలో ఎన్నో పాత గోడలు చూశాను గానీ అంత అధ్వాన్నమైన సున్నపు పని ఎక్కడా చూడలేదు. బురుజుకు బొల్లి వచ్చినట్టయింది. దారినపోయేవాళ్ళు నవ్వారు. పడగొట్టే గోడకు పూత ఏమిటని మా అమ్మ తల పట్టుకుంది. ముసలామెకు మతి చలించిందని మా నాయన అందరికీ చెప్పుకున్నాడు, అలా చెప్పుకోవడమే ఆయనకు సులువు.

నాకు ఒక్కటే అర్థం కాలేదు. మా వైపు సగం అయ్యాక నేను గంప తీసుకుని అవతలికి పోబోతే జేజి నా జుట్టు పట్టుకుని వెనక్కి లాగింది. ఆ గుంట ఉన్న రాయిని ముట్టుకోవద్దని ముందే చెప్పింది. ఇప్పుడు అవతలి సగం కూడా ముట్టుకోవద్దంది. సగమే బాగుచేస్తే గోడ ఎలా నిలబడుతుందని అడిగాను. ఆ సగం మనది కాదు, దాని మనుషులు దానికి ఉండారు అంది. రోజూ మా సగానికే మెత్తింది, మెత్తిన చోటే మళ్ళీ మెత్తింది, కింది వీధివాళ్ళకు కనబడేలా తెల్లగా.

కింది వీధి పెద్దామె ఎక్కువ రోజులు ఓర్చుకోలేదు. ఒక పొద్దున నడుముకు కొంగు బిగించి వచ్చి, మాకు దూరంగా నిలబడి శాపనార్థాలు మొదలుపెట్టింది. మా వంశంలో దీపం పెట్టే దిక్కు లేకుండా పోవాలంది. మా జేజి కూడా తక్కువ తినలేదు, తల తిప్పకుండానే వాళ్ళింటి ఏడు తరాలనూ కడిగింది. చివరకు పెద్దామె అడిగింది.

"ఏమే, బురుజంతా నీ మొగుడు కట్టించినాడా? నీ కొడుకొక్కడే మనిషా ఈడ సచ్చింది?"

"మా పక్క మేము సూసుకుంటాండాం," అంది జేజి. "మీ పక్క కూలిపోతే మాకేం?"

ఆమె కొంగు విదిలించుకుని వెళ్ళిపోయింది. మర్నాడు మేము వెళ్ళేసరికి అవతలి పక్క సున్నం మోసే గమేళా చప్పుడు వినిపించింది. కోడలి చేత సున్నం మోయించుకుని వచ్చి, ఆమె కూడా చేత్తోనే తన వైపు పగుళ్ళు పూడుస్తోంది. చిన్నాయన పోయాక జేజి నవ్వగా నేను చూడటం అదే మొదలు. పళ్ళు కనబడకుండా నవ్వింది.

"వచ్చింది పాపా. నువ్వు అటు సూడద్దు, పని సెయ్యి."

ఆ తర్వాత రోజూ ఇద్దరూ వీపులు అటూ ఇటూ పెట్టుకుని పని చేసేవాళ్ళు, నోళ్ళు మాత్రం ఆగేవి కావు. ఆమె సున్నంలో బెల్లపు నీళ్ళు కలుపుతోందని తెలిసి జేజి కూడా మా అటక మీది బెల్లమంతా దించింది. వాళ్ళ పూత మా పూత కంటే నున్నగా ఉందని ఎవరో అంటే ఆ పూట అన్నం ముట్టలేదు. ఒకరినొకరు ఒక్క మంచి మాట అనుకోలేదు. అనుకున్నారని చెబితే ఈ జ్ఞాపకం చదవడానికి తీయగా ఉంటుంది, కానీ అబద్ధం అవుతుంది.

పడగొట్టే రోజు రానే వచ్చింది. పొరుగూరి నుంచి కూలీలు గడ్డపారలతో ట్రాక్టరులో వచ్చారు. పెద్దలిద్దరూ తెల్లబట్టలు కట్టుకుని వచ్చారు. జేజి మా వైపు గుంట ఉన్న రాయికి వీపు ఆనించి కూర్చుంది. నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. మా నాయన వంగి మెల్లగా లెమ్మన్నాడు, నలుగురిలో పరువు తీయొద్దన్నాడు. జేజి కూడా మెల్లగానే బదులు చెప్పింది.

"సాక్షులందరూ అడ్డం తిరిగిరి. ఈ రాయొక్కటే ఇంకా చెప్తాండాది. దీన్ని కొట్టాలంటే ముందు నన్ను కొట్టు నాయనా."

మా నాయన కూలీలను అవతలి పక్క నుంచి మొదలుపెట్టమన్నాడు. వాళ్ళు అటు పోయి ఊరికే తిరిగి వచ్చారు. అటు కింది వీధి పెద్దామె సున్నం గమేళా ఒళ్ళో పెట్టుకుని, కొడవలి గాట్లకు అడ్డంగా కూర్చుని ఉంది.

జేజి ఎందుకు సగం వదిలేసిందో నాకు అప్పుడు తెలిసింది. మా సీమలో ఎంత పగ ఉన్నా అవతలి పార్టీ ఆడదాని మీద చేయి వేయరాదు. మావాళ్ళలో ఒక్కడు ఆ ముసలామె భుజం పట్టుకుని లేపినా సాయంత్రానికల్లా కొడవళ్ళు లేస్తాయి, గెస్టుహౌసు రాజీ అక్కడితో సరి. వాళ్ళు మా జేజిని ముట్టుకున్నా అంతే. పోనీ ఎవరి తల్లిని వాళ్ళు ఈడ్చుకుపోదామా అంటే, నిన్నటిదాకా శత్రువైనవాడు ఎదురుగా నిలబడి చూస్తున్నాడు. జేజి ఒక్కతే కూర్చుని ఉంటే మా నాయన ఆమెను ఎత్తుకుపోయి ఇంట్లో వేసేవాడే. రెండు పక్కలా ఇద్దరు కూర్చునేసరికి ఇద్దరు పెద్దలూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు. కూలీలు నీడకు పోయి బీడీలు ముట్టించుకున్నారు. మధ్యాహ్నానికి ట్రాక్టరు ఖాళీగా తిరిగిపోయింది. ఆ రోజు మా నాయన ముఖం చూసి నాకు పట్టరాని సంతోషం కలిగింది.

కేసులు మాత్రం పోయాయి. బాంబు వేసినవాడు తలెత్తుకుని ఊళ్ళోకి వచ్చాడు. వాడి చేనికి దారి బురుజు పక్క నుంచే. జేజి రోజూ వాడు పోయే వేళకు ఆ రాయి దగ్గర చాప వేసుకుని కూర్చునేది. ఒక్క మాట అనేది కాదు, వాడి ముఖంలోకి చూసేది. నన్ను కూడా చూడమనేది. కొన్నాళ్ళకు వాడు ఊరవతలి వాగు, మా వంక, దాటి చుట్టూ తిరిగి చేనికి పోవడం మొదలుపెట్టాడు. వానాకాలం వంక పారితే చేనికి పోవడమే మానేశాడు. చివరకు చేను అమ్ముకుని ప్రొద్దుటూరు వెళ్ళిపోయాడు. ఊరివాళ్ళు ఆ మాట చెబితే జేజి ఇంతేనా అంది. నాకు కూడా అది చాలలేదు.

కింది వీధి పెద్దామె జేజి కంటే ముందు పోయింది. కర్మాంతరాలు కాగానే జేజి నన్ను పిలిచి, వాళ్ళ సగానికి కూడా సున్నం మెత్తమంది. అప్పటికి నేను కాలేజీకి పోతున్నాను, శత్రువు చచ్చాక జాలి పుట్టిందేమో అనుకుని ఆ మాటే అడిగాను. జాలి లేదు ఏమీ లేదు, గుండ్రటి గోడ పాపా, వాళ్ళది పడితే మనది నిలబడదు అంది. చెబుతున్నంతసేపూ పోయినామెను తిడుతూనే ఉంది. నేను అటు పోయి రెండు చేతుల సున్నం పెట్టానో లేదో, ఆ ఇంటి కోడలు పరుగున వచ్చి నా చేతిలోంచి గమేళా లాక్కుంది. మా పక్క మేము చూసుకుంటాం అంది. జేజి ఇంటి దగ్గర ఆ సంగతి విని, ఆ మాట అంటుందనే నిన్ను పంపినాను అంది.

నేను చదువుకుని పాత కట్టడాలను కాపాడే శాఖలో చేరాను, అందులోనే రిటైరయ్యాను. ఇప్పటికీ ఎక్కడైనా రెండు వర్గాల మధ్య గుడో దర్గానో కోటగోడో చిక్కుకుంటే సలహాకు పిలుస్తారు. ఈమధ్య ఆత్మకూరు వైపు ఒక ఊళ్ళో గుడికీ దర్గాకూ ఉమ్మడిగా ఉన్న గోడ ఒరిగిపోతోంది. కుర్ర ఆఫీసరు ముందు అందరినీ ఒకచోట కూర్చోబెట్టి సామరస్యం తెద్దామన్నాడు. మంచి పిల్లవాడే, కానీ ఎవరినీ పోగొట్టుకోలేదని మాట తీరులోనే తెలుస్తోంది. సామరస్యం వచ్చేదాకా గోడ ఆగదప్పా అన్నాను. గోడకు ఒక ముఖం వాళ్ళకు, ఒక ముఖం వీళ్ళకు అప్పగించి, వేరువేరు రోజుల్లో పని పెట్టించాను. ఎవరి పని నున్నగా వచ్చిందని ఇద్దరూ గొడవపడుతున్నారట. మాటలు ఇంకా లేవు. గోడ మాత్రం నిటారుగా ఉంది.

పోయిన ఏడు మా ఊరి బురుజు వంతు వచ్చింది. మా అన్న కొడుకూ కింది వీధి పెద్ద మనవడూ భాగస్తులై గండికోట దారిలో రిసార్టు కట్టారు. బురుజుకు లైట్లు పెట్టి టూరిస్టులకు చూపిస్తారట. ఇద్దరూ కలిసి వచ్చి నా కాళ్ళకు దండం పెట్టి, ఎలా బాగుచేయాలో చెప్పమన్నారు. నేను చెప్పాను. ఎక్కడ సిమెంటు వాడకూడదో, సున్నం ఎన్నాళ్ళు నానాలో, నీళ్ళు ఎటు పోవాలో అన్నీ చెప్పాను. ఆఖర్న మా మేనల్లుడు, ఆ గుంటా ఆ గాట్లూ పూడ్చేద్దాం అత్తా, సూసేవాళ్ళు అడుగుతాండారు, చెప్పాలంటే నామోషీగా ఉండాది అన్నాడు.

వాడి భుజం మీద ఆ రెండోవాడి చేయి ఉంది. నా ఒళ్ళంతా ఒక్కసారి వేడెక్కింది. పూడ్చడానికి వీల్లేదన్నాను. మావైపు గుంటే కాదు, వాళ్ళవైపు గాట్లు కూడా అలాగే ఉండాలన్నాను. ఆ కుర్రవాడు అది నా మంచితనం అనుకుని మళ్ళీ దండం పెట్టబోయాడు. వద్దన్నాను. మా గుంట ఒక్కటే మిగిలితే అది మా ఇంటి ఏడుపు, వాళ్ళ గాట్లు కూడా పక్కన ఉంటేనే అది ఊరు చేసిన నేరమని చెప్పాను. మా జేజి అయితే ఇంత మర్యాదగా చెప్పేది కాదు.

కోపాన్ని వదిలేస్తే మనసు తేలికవుతుందని నాకు చాలామంది చెప్పారు. కావచ్చు. నాకు తేలిక అక్కర్లేదు. మా చిన్నాయన ముఖం ఇప్పుడు నాకు సరిగ్గా గుర్తుకు రాదు, ఇంట్లో ఆయన ఫోటో ఒక్కటీ లేదు. ఆయన ఈ భూమ్మీద బతికాడనీ, ఎవరో చంపితేనే పోయాడనీ చెప్పేది ఆ నల్లటి రాయొక్కటే. దాన్ని పూడ్చమని అడగడానికి ఎవరైనా రానీ, నేనింకా బతికే ఉన్నాను.