కొట్టంలో పరిచిన చెరువుమట్టి

మా బర్రె గోడకు తల ఆనించి కదలకుండా నిలబడితే ఎండదెబ్బ అనుకున్నాం.

మాది రేగొండ దగ్గర ఒక ఊరు. నా పుట్టిల్లు లింగాల ఘనపూర్ వైపు. పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఈ ఊరి చెరువు నీళ్లే మా పొలానికి ఆధారం. ఆ ఎండాకాలం చెరువు అడుగంటితే పూడిక తీశారు. నల్లటి మెత్తటి మట్టి. పొలానికి బలమని ఊరంతా పోటీపడి ట్రాక్టర్లలో తోలుకుంది. మేమూ తోలించాం. పొలంలో చల్లిన తర్వాత మిగిలిన మట్టితో మా ఆయన కొట్టంలో గుంటలు పూడ్చాడు. నేను పెరట్లో అదే మట్టితో మడి కట్టి తోటకూర వేశాను. మా పాప పొద్దంతా ఆ మట్టిలోనే ఆడుకునేది. బర్రె నేలను నాకుతుంటే ఉప్పు కోసం నాకుతోంది కాబోలని ఊరుకున్నాం.

తర్వాత అది పళ్లు కొరకడం మొదలుపెట్టింది. చూపు పోయింది. పలుపు విప్పితే ఒకే పక్కకు గుండ్రంగా తిరిగేది. అత్తమ్మ దిష్టి తీసి, దాని మెడ నిమురుతూ అక్కడే కూర్చుండిపోయింది.

పశువుల డాక్టర్ వచ్చి చూశాడు.

"కొత్తగా ఏమన్న తిన్నదా అక్కా?"

"ఏం లేదు సార్. గదే గడ్డి, గదే తవుడు."

ఆయన కాలితో నేలను గీకాడు. "మరి గీ మట్టి ఏడిది?"

మట్టినీ, బర్రె రక్తాన్నీ పరీక్షకు పంపాడు. ఫలితం వచ్చేలోపే బర్రె చనిపోయింది. ఆయన ఫోన్ చేసినప్పుడు నేను పొయ్యి దగ్గర ఉన్నాను.

"అక్కా, మట్టిల సీసం మస్తుగున్నది. బర్రె రక్తంల గూడ అదే. పెరట్ల కూర తినకుండ్రి. పాపను జల్ది దవాఖానకు తీస్కపోండ్రి."

పొయ్యి మీద ఉడుకుతున్నది తోటకూరే. పాప కడుపునొప్పి అంటే పురుగులేమోనని నట్టల మందు తాగించాం. నొప్పి తగ్గలేదు. ఎందుకో ఇప్పుడు తెలిసింది. దవాఖానలో రక్తం తీసి పరీక్షకు పంపారు. పాప రక్తంలోనూ సీసం ఉంది.

అది ఎక్కడి నుంచి వచ్చిందో వెతకాల్సిన పని లేదు. చెరువులోకి నీళ్లొచ్చే కాలువ ఒడ్డున ఒక రేకుల షెడ్డు ఉంది. పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించేవాళ్లు. కడిగిన నీళ్లన్నీ కాలువలోకే. ఊళ్లో అందరూ చూసిందే. షెడ్డు వేసుకోవడానికి జాగా ఇచ్చింది మా బావ, మా ఆయనకు సొంత అన్న. ఊళ్లో రాజకీయమంతా ఆయన అరుగు మీదే నడుస్తుంది.

నేను ఆ అరుగు దగ్గరికే వెళ్లాను. బావతో పాటు నలుగురు మనుషులు చాయ్ తాగుతున్నారు.

"బావా, నీ షెడ్డు నా బిడ్డ రక్తంలకొచ్చింది."

"షెడ్డు నాది కాదమ్మా. జాగ నాది, గంతే."

"జాగ నీదైతే ఆ పొగ ఎవలిది? ఆ నీళ్లెవలియి?"

"బర్రె పోయిందని పరేషాన్ల ఉన్నవ్. ఇంకో బర్రెను తెచ్చుకుందాం. ఇంటి ముచ్చట బజార్ల వెట్టకు."

బిడ్డ గురించి ఒక్క మాట అడగలేదు. నా వెంట వచ్చి వెనక నిలబడ్డ మా ఆయన నేల చూపులు చూస్తున్నాడు. ఆ క్షణాన బావ మీద కన్నా ఆయన మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది. ఇప్పటికీ అది చల్లారలేదు.

గ్రామసభలో లేచి ఉన్నదున్నట్టు చెప్పాను. మగవాళ్లు అడ్డం పడ్డారు. "చెరువు చెడిపోయిందంటే మన చాపలు ఎవరు కొంటరు? నోరు మూసుకో!" నా గొంతు వాళ్ల అరుపుల్లో మునిగిపోయింది.

అప్పుడు అత్తమ్మ లేచింది. పదిమందిలో ఆమె ఏనాడూ మాట్లాడి ఎరగదు.

"జాగ ఇచ్చినోడు నా పెద్దకొడుకు. ఆ సీసం ఎక్కింది నా మనుమరాలికి. ఇద్దరూ నా కడుపు పంటనే. నేను చెప్తున్న, ఆ షెడ్డు బంద్ చెయ్యిండ్రి."

బావ లేచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఒకామె తన కొడుకు కడుపునొప్పి సంగతి చెప్పింది. ఇంకొకామె తన మేకల సంగతి. మళ్లీ ఎవరూ నన్ను నోరు మూసుకొమ్మనలేదు.

అధికారులు వచ్చారు, షెడ్డుకు తాళం వేశారు. కొట్టంలో మట్టి, పెరట్లో మట్టి గీకి టార్పాలిన్ పట్టా కింద కుప్ప వేయమన్నారు, వచ్చి తీసుకెళ్తామన్నారు. ఆ కుప్ప ఇంకా మా ఇంటి వెనకే ఉంది. ఫోన్ చేస్తే ఒకరు ఇంకొకరి నంబర్ ఇస్తారు. పొలంలో దున్నేసిన మట్టిని ఎలా తీయాలని అడిగితే ముందు కుప్ప సంగతి చూద్దామంటారు. చెరువు అడుగున మిగిలిన దాని మాట ఎవరూ ఎత్తరు. పాప రక్తంలో సీసం తగ్గుతోందట, పూర్తిగా పోలేదట. మళ్లీ మళ్లీ పరీక్షకు తీసుకెళ్లాలి. సూది చూడగానే నా కొంగు వెనక దాక్కుంటుంది.

షెడ్డు వాళ్లు మాత్రం నష్టపోలేదు. సామాను సర్దుకుని నర్సింహులపేట వైపు వెళ్లి ఇంకో చెరువు పైన మళ్లీ పెట్టుకున్నారని తెలిసింది. మర్నాడు నేనూ అత్తమ్మా బస్సెక్కాం.

అక్కడి ఆడవాళ్లు కల్లంలో మిరపకాయలు ఏరుతున్నారు. వాళ్ల పక్కన కూర్చుని మొదటి నుంచీ చెప్పాను. ఎవరూ నన్ను ఆపలేదు.

"మాకు గిదంత ఎవలు చెప్పలే," అంది వాళ్లలో పెద్దామె. "బ్యాటరీల దుకానం అన్నరు, గంతే."

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని లేచింది. "పా, ఆ షెడ్డు కాడికే పోదాం."

మిగతావాళ్లూ చాటలు పక్కన పెట్టి లేచారు.