బయటవైపు లోపలికి కట్టిన చున్నీ

మొన్న డిబేట్ ఫైనల్లో నన్ను చూసి సగం హాలు కళ్లు తుడుచుకుంది. నా వాదన విని కాదు, నా ముఖం చూసి! ముఖం అట్లా కావడానికి ఎండ కారణం అనుకునేరు. ఎండ పాపం ఏమీ చేయలేదు. ఎండ నుంచి కాపాడుకుందామని నేను చేసుకున్న బందోబస్తే అంతా చేసింది.

పోయిన ఎండాకాలం స్కూటీ మీద కాలేజీకి తిరిగి తిరిగి బుగ్గలు మాడి, ముక్కు మీద పొట్టు లేచింది. స్కిన్ డాక్టర్ దగ్గరికి పోతే, "సన్‌స్క్రీన్ రాసుకో, పైన కాటన్ బట్ట కట్టుకో, నీళ్లు బాగా తాగు" అని చెప్పి పంపింది. ఈసారి ఎండలు ముదరకముందే మొదలుపెట్టాను. పిసినారితనంగా రాస్తే పనిచేయదని కూడా ఆమే చెప్పింది కాబట్టి, దట్టంగా పట్టించేదాన్ని. రాసిన కాసేపు ముఖం తెల్లగా, జిగటగా ఉంటుంది. మా నానమ్మ రోజూ అదే మాట.

"ముఖానికి సున్నం ఏస్కున్నవేందే పొల్లా?"

"సున్నం కాదు నానమ్మా, సన్‌స్క్రీన్."

"నేనన్నది గదే గదా. సున్నం."

జిల్లాలో ఎన్నో స్టేజీల మీద ఎదుటివాళ్ల నోరు మూయించిన నేను, నానమ్మతో మాత్రం ఒక్క రౌండ్ గెలవలేదు.

మా బాపుది ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అడ్తి. రైతులు తెచ్చిన సరుకును కొనేవాళ్లకు చూపించి, బేరం కుదిర్చి అమ్మిపెట్టే పని. సీజన్ వచ్చిందంటే మా ఇంట్లో దుప్పట్లు, దిండ్లు, చివరికి చాయ్ కూడా మిర్చి వాసనే. చుట్టాలు గడప దాటకముందే తుమ్ముతారు. మాకు మాత్రం ఆ వాసన తెలియనే తెలియదు. ఈ ముక్క జర గుర్తుపెట్టుకోండి.

మొన్న పొద్దున బాపు ఉప్మా ముందు కూర్చుని తినకుండా కెలుకుతున్నాడు.

"నెక్కొండ ఐలయ్య మిర్చి నిన్న కూడ పోలే" అన్నాడు అమ్మతో.

"ఎందుకట?"

"ఆ కొనే సేటు రంగున్నది గాని ఘాటు లేదంటాండు! గసొంటి సరుకును పట్టుకొని ఘాటు లేదట! వాదిచ్చి వాదిచ్చి నా నోరు నొచ్చింది. పాపం ఐలయ్య రెండు దినాల సంది కుప్ప కాడనే కూసున్నడు."

నేను ఊరుకుంటానా! చెప్పులు తొడుక్కుంటూ సలహా పారేశాను. "ఉత్త మాటలు చెప్తే ఎవరు నమ్ముతరు బాపు? ఆధారం చూపెట్టాలె."

"ఘాటుకు ఆధారం ఎక్కడికెళ్లి తేవాలె బిడ్డా?" అన్నాడు. నాకు టైం లేదు. ఫైనల్ ఉంది మరి. పోయినేడు ఇదే ఫైనల్లో కాజీపేట నుంచి వచ్చిన వరుణ్ అనే పిల్లగాడు నన్ను ఓడించాడు. ఏడాదంతా ఆ కప్పు నా కళ్ల ముందే తిరిగింది. డిగ్రీ ఆఖరు సంవత్సరం, ఇంకో ఛాన్స్ లేదు.

బయటికి వచ్చి చూస్తే నా స్కార్ఫ్ తీగ మీద తడిగా వేలాడుతోంది. స్కూటీ డిక్కీ తెరిస్తే నా పాత మెరూన్ రంగు కాటన్ చున్నీ మడిచి ఉంది. అది అక్కడికి ఎట్లా వచ్చిందని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. జిగట జిగటగా ఉన్న ముఖానికి గట్టిగా చుట్టేసి, కళ్లకు గాగుల్స్ పెట్టి బయల్దేరాను.

ములుగు రోడ్డు సిగ్నల్ దగ్గర బుగ్గలు వెచ్చబడ్డాయి. 'అబ్బ, పొద్దున్నే ఏం ఎండ!' అనుకున్నాను. హన్మకొండ చౌరస్తా వచ్చేసరికి చుర్రుమంటున్నాయి. బట్ట కట్టుకుంటేనే ఇంత మండుతోందంటే, కట్టుకోకుంటే ఏమైపోయేదాన్నో! అందుకని పక్కకు ఆపి, చున్నీని ఇంకా బిగించి కట్టుకున్నాను. నా తెలివి అది.

గేటు దగ్గర నా టీమ్‌మేట్ స్రవంతి నిలబడి ఉంది. చున్నీ విప్పగానే రెండడుగులు వెనక్కి వేసింది.

"ఓయ్! గదేం ముఖమే? ఎవరన్న కొట్టిండ్రా?"

కుళాయి దగ్గరికి ఉరికి నీళ్లు కొట్టుకున్నాను. మంట తగ్గలేదు సరికదా, మెడ దాకా దిగింది. తుడుచుకోవడానికి చేతికి అందింది ఏది? అదే చున్నీ. ఈసారి కళ్లు కూడా తుడుచుకున్నాను! ఆ తర్వాత కాసేపు నాకు కాలేజీ కనిపించలేదు.

స్రవంతి చున్నీని ముక్కు దగ్గర పెట్టుకుని, "హా...చ్చ్!" అని తుమ్మింది. "ఇది నీదా, మీ బాపుదానే?"

అమ్మకు ఫోన్ చేశాను.

"నీ పాత చున్నీయే" అంది అమ్మ తాపీగా. "పారేసుడెందుకని మీ బాపుకు ఇచ్చిన. యార్డుల ఘాటు కొట్టకుంట మూతికి కట్టుకుంటడు. నిన్న బండి పంచరైందని నీ స్కూటీ తీస్కపోయిండు గదా. ఎందుకే?"

అప్పుడు అర్థమైంది. ఒకటే బట్ట. బాపు మిర్చి నుంచి ముక్కును కాపాడుకోవడానికి కట్టుకుంటాడు, నేను ఎండ నుంచి ముఖాన్ని కాపాడుకోవడానికి కట్టుకున్నాను. కాకపోతే బాపుకు బయటవైపు ఉండాల్సింది నాకు లోపలికి వచ్చింది. సీజనంతా పట్టిన మిర్చి దుమ్ము కాస్తా, డాక్టర్ చెప్పినట్టు దట్టంగా రాసిన సన్‌స్క్రీన్‌కు అతుక్కుపోయింది.

"నీళ్లు పొయ్యకే! ఇంకింత మండుతది. పెరుగు రాయి, పెరుగు!" అని, సంగతి విన్న అమ్మ ఫోన్లో అరుస్తోంది.

స్రవంతి క్యాంటీన్‌కు ఉరికింది. పెరుగు లేదట. మజ్జిగ ప్యాకెట్ తెచ్చి, పళ్లతో మూల కొరికి నా ముఖాన గుమ్మరించింది. ఒక్క క్షణం చల్లగా, హాయిగా... ఆ తర్వాత కెవ్వుమని అరిచాను. ప్యాకెట్ తిప్పి చూస్తే మసాలా మజ్జిగ. అల్లం, కొత్తిమీర, పచ్చిమిర్చి!

"సారీనే, అది చదవలే!"

అంతలో మైకులో నా పేరు పిలిచారు.

అంశం ఏమిటో ఇంకా చెప్పలేదు కదా. 'సౌందర్య సాధనాల ప్రకటనలను నిషేధించాలా?' వారం ముందు తీసిన చీటీలో నాకు వచ్చిన పక్షం, నిషేధించాలి. స్టేజీ ఎక్కాను. ముఖం పండు మిరపకాయ, కళ్ల నుంచి ధార, చెవి పక్కన కొత్తిమీర ఆకు.

వారం రోజులు రాసుకున్న ప్రసంగం మొదలుపెట్టాను. "ఎండ నుంచి చర్మాన్ని కాపాడుకోవడం వేరు. పుట్టిన రంగును చూసి సిగ్గుపడమని చెప్పడం వేరు. ఈ ప్రకటనలు అమ్మేది క్రీమ్ కాదు, ఆ సిగ్గును!" చప్పట్లు. తర్వాతి వాక్యం కూడా ముందే రాసుకున్నదే, ఒట్టు. "వీటిని నమ్మి ముఖాలు కాల్చుకున్న ఆడపిల్లలు మన మధ్యనే ఉన్నారు." సరిగ్గా అప్పుడే నా రెండు కళ్ల నుంచి రెండు పెద్ద చుక్కలు మైకు మీద పడ్డాయి.

హాలు లేచి నిలబడింది. ముందు వరుసలో ఒక పిల్ల ముక్కు ఎగబీల్చింది. జడ్జి మేడం కళ్లజోడు తీసి కొంగుతో కళ్లు ఒత్తుకుని, కాగితం మీద గబగబా ఏదో రాసుకుంది. కప్పు నాకు రెండడుగుల దూరంలో మెరుస్తోంది. నేనేమన్నా అబద్ధం చెప్పానా? చెప్పలేదు. జనం అట్లా అర్థం చేసుకుంటే నా తప్పా?

వరుణ్ లేచాడు. "అధ్యక్షా, వక్తకు ఒకే ప్రశ్న. మీ ముఖాన్ని ఇట్లా చేసిన క్రీమ్ పేరేంటో సభకు చెప్తారా?"

హాలంతా నా వైపు చూసింది. ఏదో ఒక క్రీమ్ పేరు నోటిదాకా వచ్చింది. కానీ రెండేళ్లుగా జూనియర్లను నిలబెట్టి 'ఆధారం లేని మాట మైకులో మాట్లాడితే దించేస్తా' అని బెదిరించింది నేనే. వాళ్లందరూ వెనక వరుసలో కూర్చుని ఉన్నారు.

"క్రీమ్ కాదు" అన్నాను. "మిర్చి."

"ఏంటి?"

"మా బాపు మూతికి కట్టుకునే చున్నీ. తిరగేసి కట్టుకున్న."

మొదట ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఇంకెవ్వరూ ఆగలేదు. ఇందాక ముక్కు ఎగబీల్చిన పిల్ల కుర్చీలో పడి పడి నవ్వుతోంది. వరుణ్ మాత్రం నవ్వకుండా, "అయితే అధ్యక్షా, నిషేధించాల్సింది ప్రకటనలను కాదు, ఆ చున్నీని" అని కూర్చున్నాడు. అక్కడితో అయిపోయింది నా పని.

సెకండ్ ప్రైజ్. మేడం చేతికిస్తూ, "నిజం చెప్పినవ్, సంతోషం. ముందు పోయి పెరుగు రాసుకో బిడ్డా" అంది.

ఇంటికి వచ్చి ముఖానికి గిన్నెడు పెరుగు పట్టించాను. మంట చల్లారింది గానీ ఎరుపు దిగలేదు. కడుక్కుని గడపలో కూర్చున్నాను. బాపు రాగానే మీద పడి ఏడవాలని ప్లాన్. ఆయన వచ్చాడు. నా ముఖం చూసి గాభరాపడ్డాడు, కథంతా విన్నాడు, చున్నీ తీసి వాసన చూశాడు.

"నిన్న ఐలయ్య కుప్ప కాడ కట్టుకున్నది ఇదే. నిన్న పొద్దుగాల్నే మీ అమ్మ ఉతికిచ్చింది" అన్నాడు.

"అంటే, సీజన్ దుమ్ము కాదా?"

"కాదే. ఒక్క ఐలయ్య మిర్చి ఘాటే." ఆయన ముఖం వెలిగిపోయింది. "ఒక్క దినం దుమ్ముకే గిట్లయిందా! జర గట్లనే ఉండు బిడ్డా. కదలకు!" ఫోన్ తీశాడు. ఎదురుగా ఒకటి, రెండు పక్కలా చెరొకటి ఫొటోలు తీశాడు. పోలీసులు దొంగలకు తీసినట్టు!

"బాపూ, నేను ఓడిపోయిన!"

"ఆధారం చూపెట్టుమన్నది నువ్వే గదనే?"

నిన్న మధ్యాహ్నం యార్డు నుంచి బాపు ఫోన్ చేశాడు. వెనక ఐలయ్య నవ్వు వినిపిస్తోంది. "సేటు ఫొటో చూసిండు బిడ్డా. ఇగ రెండో మాట మాట్లాడలే. కుప్ప మొత్తం కొన్నడు, కాంటా అయితాంది!"

మూడేళ్లు గొంతు చించుకున్నా కప్పు గెలవని నేను, ఒక్క మాట కూడా మాట్లాడకుండా మార్కెట్‌లో వాదన గెలిచాను. ఆ ఫొటో ఇప్పుడు అడ్తి దుకాణాలన్నీ తిరుగుతోందట. నానమ్మకు కూడా చూపించారు. ఆమె చాలాసేపు చూసి, "గిప్పుడు మంచిగున్నది. సున్నం కనవడ్తలేదు" అంది.