గుట్ట మీద రెండో చప్పుడు

నా చిన్నప్పుడు ఇప్పటి ఫిల్మ్‌నగర్ ఒక రాళ్ల గుట్ట. సీతాఫలం పొదలు, బండల సందుల్లో కౌజు పిట్టలు, కుందేళ్లు తప్ప అక్కడ ఇల్లన్నది లేదు. మేం యూసుఫ్‌గూడలో ఉండేవాళ్లం. మా తాతయ్య, మా నాయనమ్మ తమ్ముడు కలిసి ఆ గుట్టలో ఒక వైపును వేట కోసం కౌలుకు తీసుకున్నారు. లైసెన్సు ఉన్నవాళ్లకు అప్పట్లో వేట నేరం కాదు.

ఈ సంగతి ఎండాకాలంలో జరిగిందని మా చెల్లెలు అంటుంది. కాదు, వానాకాలం. నేను మూడో తరగతి పుస్తకాలకు అట్టలు వేసుకుంటున్న రోజులవి. కాలం తప్పు చెబితే ఈ సంగతికి అర్థమే ఉండదు. వానల్లో పిట్టలు పొదుగుతాయి కాబట్టి ఆ నెలల్లో తుపాకీ ముట్టకూడదని గుట్ట సొంతదారుకు తాతయ్య మాట ఇచ్చాడు. మాట తప్పితే గుట్ట తిరిగి ఇచ్చెయ్యాలి.

ఆ నెలల్లోనే పొదల దగ్గర ఈకలు కనబడసాగాయి. ఒకరోజు తాతయ్యకు చచ్చిన కౌజు ఒకటి దొరికింది. దాని రెక్కలో సన్నని సీసపు గుండ్లు ఉన్నాయి. అంటే ఎవరో దొంగతనంగా కాలుస్తున్నారు.

అనుమానం గుట్ట కాపలా మనిషి మీదికి పోయింది. అతనికి గుట్ట మీదే గుడిసె. భార్య పచ్చి బాలింత. దొంగలను బెదిరించడానికి తాతయ్య ఇచ్చిన పాత తుపాకీ అతని దగ్గర ఉండేది. మా నాయనమ్మ తమ్ముడు అతన్ని మా వాకిట్లో నిలబెట్టి అడిగాడు.

"తుపాకి పేలితే నాకు ఇనవడదా పటేలా? ఒక్కనాడు గూడ ఇనలే," అని అతను మా తాతయ్య వైపే చూసి చెప్పాడు.

"ఇనవడకుంటే చెవుడు. ఇనవడీ చెప్పకుంటే దొంగతనం," అన్నాడు నాయనమ్మ తమ్ముడు. "రెంట్ల ఏదైనా గీ మనిషి మనకు పనికిరాడు బావా. గుడిసె ఖాళీ చేయించు."

ఆ వానల్లో గుడిసె పోతే పసిబిడ్డతో ఎక్కడికి పోతారని నాయనమ్మ వంటింట్లోంచి అడిగింది. తాతయ్య అప్పుడు, ఈకలు ఎక్కువగా ఏ వైపు దొరుకుతున్నాయని కాపలా మనిషిని అడిగాడు. రాళ్లు కొట్టేవాళ్ల క్వారీ వెనక అని అతను చెప్పాడు. తాతయ్య చెప్పులు వేసుకుని ఆ క్వారీ మేస్త్రీని కలవడానికి వెళ్లాడు. ఏం మాట్లాడుకున్నారో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

క్వారీ పద్ధతి గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. రోజూ మధ్యాహ్నం బండలకు వేసిన రంధ్రాల్లో మందు కూరి పేల్చేవారు. ముందు మేస్త్రీ ఎర్రగుడ్డ ఊపుతూ గుట్టంతా వినబడేలా కేక వేసేవాడు. ఆ కేక వినగానే మా కాపలా మనిషి కిందికి దిగి, బాటన పోయేవాళ్లను ఆపాలి. ఆ తర్వాత నాలుగైదు పేలుళ్లు ఒకదాని వెంట ఒకటి మోగేవి. గుట్టలు వాటిని తిరిగి పలికేవి. ఆ మోతలో ఏది ఏమిటో ఎవరికీ తెలిసేది కాదు. ఎవరూ వినేవారూ కాదు.

మరునాడు తాతయ్య నన్ను గుట్టకు వెంటబెట్టుకుపోయాడు. గుడిసె ముందు కూర్చుని, బాట కాయడానికి మేస్త్రీ మనిషిని పెట్టాడులే అని చెప్పి, కాపలా మనిషిని కూడా మా పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. పాత తుపాకీ లోపల కొక్కేనికి వేలాడుతూ కనబడుతూనే ఉంది.

"ఎన్ని మోగుతయో లెక్కవెట్టు బిడ్డా," అన్నాడు నాతో.

మేస్త్రీ కేక వినబడింది. ఒక పేలుడు మోగింది, నేల అదిరింది. నేను ఒక వేలు మడిచాను. ఆ వెంటే ఇంకొకటి. అది సన్నగా, పొడిగా, వేరే దిక్కు నుంచి వచ్చింది. ఆ తర్వాత ఏమీ లేదు.

"రెండు," అన్నాను.

"మేస్త్రీ ఇయ్యాల ఒక్కటే పెట్టిండు," అన్నాడు తాతయ్య లేస్తూ.

కాపలా మనిషి కొక్కేనికున్న తుపాకీ వైపు ఒకసారి చూసి మా వెంట నడిచాడు.

క్వారీ వెనక పొదల్లో మా నాయనమ్మ తమ్ముడు నిలబడి ఉన్నాడు. చేతిలో పిట్ట, భుజాన తుపాకీ. మేస్త్రీ రోజూలాగే నాలుగైదు పేలుస్తాడనుకుని, మొదటి మోత వినగానే కాల్చాడు. మిగతావి రాలేదు.

"ఇంటికి చుట్టాలొచ్చిండ్రు బావా. ఒక్క పిట్ట కోసం..." అన్నాడు.

తాతయ్య కోప్పడలేదు. "గుడిసె ఎవలది ఖాళీ చేయిద్దాం? నువ్వే చెప్పు," అన్నాడు.

నాయనమ్మ తమ్ముడు కాపలా మనిషి వైపు తిరిగి, తప్పు తనదని అన్నాడు. ఆ మాట తాతయ్య అనిపించలేదు, తనంతట తనే అన్నాడు. అది కూడా చెప్పకపోతే నా లెక్క సరికాదు.

"గట్లయితే నాకు చెవుడు లేనట్టే గద సాబ్," అన్నాడు కాపలా మనిషి. తాతయ్య ఒక్కడే నవ్వాడు.

ఆ సాయంత్రం తాతయ్య గుట్ట సొంతదారు దగ్గరికి వెళ్లి, జరిగింది తానే చెప్పేశాడు. వానలు వెళ్లేదాకా తుపాకీలన్నీ మా ఇంటి బీరువాలో ఉంచడానికి ఒప్పుకున్నాక గుట్ట మాకే మిగిలింది. తాళంచెవి నాయనమ్మ తన తమ్ముడి ముందే కొంగున ముడివేసుకుంది.

ఇప్పుడు నేను ఉంటున్న అపార్ట్‌మెంట్ ఆ గుట్ట మీదే ఉంది. పోయిన నెల మా మోటారు గదిలో రాగి తీగలు రోజుకు కొన్ని పోసాగాయి. బోరబండ నుంచి వచ్చే కాపలా మనిషిని మాన్పించాలని సమావేశంలో అన్నారు. లిఫ్టు మరమ్మతుకు అప్పటికి వారం రోజులుగా ఎవరెవరో వచ్చిపోతున్నారు. ఆ రాకపోకలు ఒక్కరోజు ఆపి, అప్పుడు కూడా ఏమైనా పోతుందేమో చూద్దామన్నాను. పెద్దావిడ చెప్పింది కదా అని ఒప్పుకున్నారు. ఎవరు తీశారో ఇంకా తేలలేదు. ఆ మనిషి పనిలోనే ఉన్నాడు.

పక్క ప్లాటులో పునాది కోసం బండలు పగలగొడుతున్నప్పుడు ఇప్పటికీ నా వేళ్లు వాటంతటవే మడుచుకుంటాయి. లెక్కలో ఒకటి ఎక్కువైతే, అది ఏ దిక్కు నుంచి వచ్చిందో తెలిసేదాకా నేను ఎవరి పేరూ ఎత్తను.