నాయనను మాట్లాడొద్దన్న ఆదివారం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఏదైనా ఉంటే, అది మా పేట లైబ్రరీలో లేని విషయమే అయ్యుండాలని నా గట్టి నమ్మకం. పి.యు.సి.తో చదువు ఆపేసి నగర్తపేటలో ఒక గుండీల హోల్‌సేల్ కొట్లో బిల్లులు రాసేవాణ్ణి. కొట్టు మూయగానే లైబ్రరీలో కూర్చుని, తేనెటీగల పెంపకం నుంచి టెలిస్కోపు తయారీ దాకా అలమారా వరసన చదువుకుంటూ పోయేవాణ్ణి. (ఒక్క తేనెటీగనైనా పెంచలేదు. ఎవరైనా అడిగితే చెప్పగలిగేవాణ్ణి. ఎవరూ అడగలేదు.) కంప్యూటరు కూడా అట్లాగే నేర్చుకున్నాను. ముందు పుస్తకం చదివాను, ఆరు నెలల తర్వాత వాడేసిన కంప్యూటరొకటి కొన్నాను. దానికి సీడీలు రాసే డ్రైవు ఉండేది. మా వీధిలో అలాంటిది ఇంకొకటి లేదన్న సంగతి వీధి మొత్తానికి నేనే చెప్పాను.

మా నాయన సిటీ బస్సు కండక్టరు. ఆ ఏడు ఆయనకు గొంతులో క్యాన్సరని తేలింది. సోమవారం పొద్దున ఆపరేషను, స్వరపేటిక మొత్తం తీసేయాలన్నారు. మనిషి దక్కుతాడు, గొంతు దక్కదు. ఆ మాట విని వచ్చిన రోజు మా అమ్మ అన్నం వడ్డిస్తూ, "నీ మిషన్లో ఆయప్ప మాట పట్టి పెట్టేదానికి అవుతుందా?" అని అడిగింది. నా చదువుతో ఇంట్లో ఒకరికి పని పడటం అదే మొదలు. అవుతుందన్నాను. ఎట్లా అవుతుందో పావుగంట వివరించాను కూడా.

శనివారం సాయంత్రం నాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, ఫొటోకి కూర్చున్నట్టు మైకు ముందు కూర్చున్నాడు. తన పేరు, పుట్టిన ఊరు, ఎన్నేళ్ళు ఏ డిపోలో పనిచేసిందీ బొంగురుపోయిన గొంతుతో రెండున్నర నిమిషాలు చెప్పి, "చాలునా?" అన్నాడు. చాలన్నాను. అయితే నా కంప్యూటరు హార్డ్‌డిస్కు అప్పటికే గోడ గడియారంలా టిక్కుటిక్కుమంటోంది. అది ఏ క్షణాన పోతుందో తెలియదు గనుక ఆ మాటలు సీడీకి ఎక్కించాలి. అందుకని కొట్టు పక్క వీధిలో అయిదు ఖాళీ సీడీలు కొనుక్కొచ్చాను. అమ్మ వాటిని రాత్రికి దేవుడి గూట్లో పెట్టి, పొద్దున పూజయ్యాక కాగితం కవర్లతో సహా నా చేతికిచ్చింది.

మొదటిది మొదలైన నిమిషంలోనే తప్పయిందని చెప్పి బయటికొచ్చేసింది. నేను కంగారుపడలేదు. పుస్తకం ఉంది కదా. సీడీ మెరిసే వైపు వేలు తగలకూడదు, అంచులు పట్టుకోవాలి, ఒకసారికి ఒక్క మార్పే చేయాలి, చేసింది రాసిపెట్టుకోవాలి. పాడైన సీడీ మీద 1 అని రాసి, అంకె పైకి కనబడేలా బల్ల మీద పెట్టాను. స్పీడు తగ్గించి రెండోది వేశాను. అదీ పోయింది. పుస్తకంలో తర్వాతి వాక్యం, రాసేటప్పుడు డ్రైవుకు కదలిక తగలకూడదని. ఫ్యాను ఆపాను. అమ్మను మిక్సీ వేయొద్దన్నాను. ఆ పూట చట్నీ లేదు.

అప్పుడే నాయన, ఒక సీడీ చేతిలో పట్టుకుని, "ఒరే, దీంట్లో..." అని మొదలుపెట్టాడు.

"నాయినా, కాసేపు మాట్లాడొద్దు" అన్నాను.

(ఆ పుస్తకంలో మాట అని లేదు, కదలిక అనే ఉంది. మాట అంటే గాలిలో కదలికేనని ఇంకో పుస్తకంలో చదివాను. రెండు పుస్తకాలు కలిపి చదివినవాడు ఇంట్లో ఉంటే ఇట్లాగే ఉంటుంది.)

ఆయన సీడీని అంకె పైకి ఉండేలా బల్ల మీద పెట్టేశాడు. వైరస్సులు పట్టే ప్రోగ్రాము తీసేసి, పెట్టె విప్పి దుమ్ము తుడిచి, మధ్యాహ్నం మూడోది వేశాను. పోయింది. అన్నాల దగ్గర ఆయన మళ్ళీ నోరు తెరిచాడు. నేను పుస్తకంలోంచి తల ఎత్తకుండానే చెయ్యి పైకెత్తాను. బస్సాపే మనిషి, చెయ్యెత్తితే ఆగిపోయాడు. నాలుగింటికి నాలుగోదీ పోయింది. ఆదివారం, కొట్లన్నీ మూత. ఇంక ఒక్కటే సీడీ. ఏడింటికల్లా ఆస్పత్రిలో చేరాలి. పుస్తకంలో పేజీలు అయిపోయాయి.

"ఏమప్పా, ఇంగ నేను మాట్లాడొచ్చునా?" అన్నాడు నాయన.

ఊఁ అన్నాను.

"గొంతు చూసుకుందామని ఆ రెండోది అద్దం మాదిరి పట్టుకుంటి. దీంట్లో ఏందో పచ్చగా ఉండాది."

నాలుగూ తిరగేశాను. ప్రతిదానికీ మెరిసే వైపు, నడిమి చిల్లు పక్కనే, సరిగ్గా రాత మొదలయ్యే చోట, ఎండిపోయిన పసుపు బొట్టు. పొద్దున్నుంచీ అంచులు పట్టుకుని, అంకెలు పైకి పెట్టుకుని, నేను ఒక్కసారీ తిప్పి చూడలేదు.

"నేనే పెడితిని" అంది అమ్మ. "చెప్తే నువ్వు నగుతావని చెప్పలే."

"అట్లయితే రాతలుండే వైపు పెట్టాల్సింది కదమ్మా."

"మొగం ఎటుంటే అటు కదప్పా బొట్టు పెట్టేది."

అయిదోదానికీ ఉంది. చొక్కా అంచు పట్టుకుని తుడవబోయాను. అమ్మ మొహం చూశాను. తెల్లారితే మొగుడికి ఆపరేషను. ఆయన గొంతు కోసం పెట్టిన పసుపును కొడుకు తుడుస్తున్నాడు. ఏ అలమారాలోనూ ఆ సంగతి చదవనక్కరలేదు, మా ఇళ్ళలో పుట్టినవాళ్ళకు తెలుస్తుంది. నా చెయ్యి ఆగిపోయింది.

నాయన సీడీ నా చేతిలోంచి తీసుకున్నాడు. బొటనవేలు నీళ్ళలో ముంచి, మెల్లగా ఆ పసుపంతా వేలికి ఎత్తుకుని, అమ్మ చెంపకు పూశాడు. "ఇందా, నీ పసుపు యాడికీ పోలే" అన్నాడు. అమ్మ చెంప అట్లాగే ఉంచుకుని సంచి సర్దడానికి వెళ్ళింది. నేను పాత పంచె గుడ్డతో తడి అద్ది, సీడీ లోపలికి తోశాను. కొద్ది నిమిషాల్లో పని ముగిసిందని వచ్చింది.

ఆపరేషను బాగానే జరిగింది. నాయన ఆ తర్వాత చాలా ఏళ్ళు పలక మీద రాసి మాట్లాడుతూ బతికాడు. ఆ సీడీ ఇప్పటికీ పాడుతుంది. అందులో ఇస్త్రీ చొక్కా వేసుకున్న మనిషెవరో తన సర్వీసు వివరాలు చెబుతుంటాడు. మా నాయన ఎట్లా మాట్లాడేవాడని మా పిల్లలు అడిగితే నేను అది వినిపించను, ఆ ఆదివారం సాయంత్రం సంగతి చెబుతాను.

ఆ సాయంత్రం ఆస్పత్రికి ఆటోలో వెళ్ళాం. దారి పొడుగునా నాయన, ఇటెందుకు పోతున్నావని ఆటోవాడితో తగువు పెట్టుకున్నాడు. "ఈ కడె యాకప్పా హోగ్తీయా? ఇరవై ఏళ్ళు ఈ రూట్లో తిరిగినోణ్ణి నాకు చెప్తావా?" అని సగం కన్నడంలో, సగం తెలుగులో, ప్రతి మలుపు దగ్గరా. ఆటోవాడు కూడా తగ్గలేదు. ఎర్ర లైటు దగ్గర పక్క బండ్లవాళ్ళు తిరిగి చూస్తున్నారు. నాకు సిగ్గేసింది. కాసేపు ఊరుకో నాయినా అనబోయి, అనకుండా బయటికి చూస్తూ కూర్చున్నాను. ఆ రోజు మొత్తానికి నేను చేసిన తెలివైన పని అదొక్కటే. అది ఏ పుస్తకంలో చదివానో మాత్రం గుర్తులేదు.