రెండే రెండు ముక్కలు

ఆల్ఫియస్ బార్లోకి మాట మొదలుపెట్టడం వచ్చు, ఆపడం రాదు. "రెండే రెండు ముక్కలు" అని ఆయన గొంతు సవరించుకుంటే, అమెరికాలోని మా వెర్మాంట్ పల్లెలో తెలిసినవాళ్లు కుర్చీ వెతుక్కునేవారు.

ఆయనది ఊరి మధ్య దుకాణం. ఓసారి నా భార్య దీపం వత్తి కోసం వెళ్లింది.

"వత్తి అంటే గుర్తొచ్చిందమ్మా, మా తాత కెనడా వెళుతూ..."

ఆ తాత సరిహద్దు చేరేసరికి పొద్దుగూకింది. ఆవిడ వత్తి మరిచిపోయి వట్టి చేతులతో వచ్చింది.

"ఇంతకీ ఆ తాత చేరాడా?" అన్నాను.

"రేపు రమ్మన్నారు."

అలాంటివాణ్ణి మేమే ఎనిమిదిసార్లు రాష్ట్ర శాసనసభకు పంపాం. ఆయన లేస్తే సభ్యులు భోంచేసి, ఓ కునుకు తీసి వచ్చేవారట.

ఓ మార్చిలో ఊరి సభ జరిగింది. దిక్కులేనివాళ్లను, ఎవరు తక్కువ ఖర్చుతో పోషిస్తామంటే వాళ్లకు వేలంలో అప్పగించడం మా ఆనవాయితీ. ఆరోజు ఆఖరి వంతు హల్డా ప్రాట్ అనే ముసలమ్మది. వెనక బల్ల మీద తల వంచుకుని కూర్చుంది. అంతకుముందు వంతెన పలకల సంగతి తేలాలి. బార్లో లేచాడు.

మధ్యాహ్నం లేచినవాడు ఓక్ పలక గుణాలు, పైన్ పలక దోషాలు చెప్పి, బైబిల్లోని నోవహు ఓడ కలప దాకా వెళ్లాడు. గొంతు బొంగురుపోయినా ఆపలేదు. నేను చెప్పులు కుట్టుకు బతికేవాణ్ణి. పని చెడిందన్న మంటతో లేచాను.

"బార్లో గారూ, ఈలోగా వంతెన కూలిపోయింది. ఇక కూర్చోండి."

సభ ఘొల్లుమంది. ఆయన ముఖం ఎర్రబడింది.

"కాస్త ఓపిక పట్టవోయ్ జోథమ్" అని మళ్లీ అందుకున్నాడు. చీకటిపడి సభ మర్నాటికి వాయిదాపడింది. తెల్లారేసరికి హల్డా కూతురు మంచు మీద జారే బండిలో వచ్చి తల్లిని తీసుకుపోయింది. ముసలమ్మ అదృష్టం అనుకున్నాం.

ఆ నవ్వు నా తలకెక్కింది. సెప్టెంబరులో "అయిదు నిమిషాలకు మించి మాట్లాడను" అని శాసనసభకు పోటీచేసి ఆయన్ని ఓడించాను. ఆ తర్వాత బార్లో అడిగిన సరుకు ఇచ్చి ఊరుకునేవాడు. దుకాణం బోసిపోయింది.

చలికాలంలో హల్డా కూతురు జోళ్లు కుట్టించుకోవడానికి వచ్చింది. "బార్లో గారు ఉత్తరం రాయబట్టి వచ్చాను. నేను చేరేదాకా ఎలాగో వేలం జరగకుండా ఆపుతానన్నారు" అంది.

తిన్నగా దుకాణానికి వెళ్లాను.

"ఆ మాట ఆరోజే చెప్పొచ్చుగా?"

"కూతురు వస్తోందని అందరి ముందూ చెప్పాక ఆ పిల్ల రాకపోతే? ముసలావిడ ఏ ముఖం పెట్టుకుంటుంది?"

"వచ్చేసారి మీరే నిలబడాలి" అన్నాను.

"నేనా? నిలబడనోయ్. ఎందుకు నిలబడనంటే..."

సాయంత్రం భోజనాల వేళకు మూడో కారణం దాకా వచ్చాం. నేను కోటు విప్పి సర్దుకు కూర్చున్నాను.