చెరకు ట్రాలీ వెనుక

ముందే ఒప్పుకుంటున్నాను, నేను పెంచి చెప్తాను. బోధన్ రోడ్డులో నన్ను ఒక కుక్క తరిమితే ఇంటి గుమ్మం చేరేసరికి అవి ఏడవుతాయి. మర్నాడు దుకాణంలో రెండో చాయ్ అయ్యేసరికి పన్నెండవుతాయి, అందులో ఒకటి తోడేలని కూడా తేలుతుంది. మా ఆవిడ నా మాటను సగానికి కోసి, ఆ సగంలో మళ్లీ సగం తీసేసి, మిగిలినదాన్ని కూడా అనుమానంగానే వింటుంది. మీరూ అట్లాగే చదవండి. ఒక్క భయం దగ్గర మాత్రం కోత పెట్టకండి. అది నేను పెంచేది కాదు, దానంతట అదే పెరిగేది. కిందటి నవంబరులో ఎడపల్లి దగ్గర నా సైకిలు తగిలి ఒక అవ్వ పడిపోయింది. ఆమె మళ్లీ తన వడ్ల దగ్గరికి పోతుందా లేదా అన్న భయం ఇంకా నన్ను వదలక ఇది రాస్తున్నాను.

నాకు యాభై ఒకటి. నిజామాబాద్‌లో మోటారు రివైండింగ్ దుకాణం నాది. కాలిపోయిన బోరు మోటారు విప్పి, మాడిన రాగితీగ పీకేసి, కొత్త తీగ చుట్టడం పని. చేతులు చుట్టుతుంటే కళ్లకు పనుండదు. ఆ ఖాళీ కళ్లకు ఫోనులో సైకిలు పందేలు అలవాటయ్యాయి. జూలైలో ఫ్రాన్సులో మూడు వారాలు సాగే పందెం మనకు సాయంత్రం పూట వస్తుంది. ఆ మూడు వారాల్లో నేను చుట్టిన మోటార్లు తిరగాల్సిన దానికంటే వేగంగా తిరుగుతాయని రైతులు అంటారు. (రైతులు అనరు. నేనే అంటాను.)

పక్క దుకాణం దర్జీ భాయ్ నాకంటే పదేళ్లు పెద్ద. మెడలో టేపు వేసుకుని వచ్చి నా వెనక నిలబడి చూసేవాడు.

"గిదేం ఆట సాబ్? నూటయాభై మంది ఒక్క గల్లీల పడి పోతున్నరు. ఒకడు తుమ్మితే అందరు పడ్తరు గద!"

"గదే మజా భాయ్."

"మజా కాదు, నాకు బీపీ అస్తున్నది. బంద్ జెయ్."

బంద్ చేయమంటాడు కానీ అక్కణ్నుంచి కదలడు. గుంపు మలుపు తిరిగినప్పుడల్లా నా భుజం పట్టుకునేవాడు. ఆ భుజం ఇప్పటికీ ఒక అంగుళం కిందికి ఉంది.

ఆయనకు నేను పందెం కిటుకులు చెప్పేవాణ్ని. ముందువాడు గాలిని చీల్చుకుంటూ పోతాడు, వెనకవాడు జానెడు దూరంలో వాడి చాటున దాక్కుంటాడు, సగం కష్టానికే అంత వేగమూ వస్తుంది. అయితే వెనకవాడికి రోడ్డు కనిపించదు. అందుకే గుంత వస్తే ముందువాడు చేత్తో చూపిస్తాడు, ఏదైనా అడ్డమొస్తే చూసినవాడు చూసినట్టే అరుస్తాడు. అరవనివాణ్ని గుంపులో ఎవరూ క్షమించరు. ఇదంతా నేను స్టూలు మీద కూర్చుని, ఒళ్లో మోటారు పెట్టుకుని, ఆ దేశంలో పుట్టినవాడిలా చెప్పేవాణ్ని.

చూసింది చాలక హైదరాబాద్ నుంచి ఒక సెకండ్‌హ్యాండ్ రేసు సైకిలు తెచ్చుకున్నాను. టైరు నా బొటనవేలంత సన్నం. మా ఆవిడ దాని చుట్టూ ఒకసారి తిరిగి, తర్వాత నా చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది.

"గింత సన్నటి టైరు మీద గంత మనిషా? ఎట్లనయ్యా! నాకు నీ మీద కాదు, దాని మీద జాలయితున్నది."

సీటు మరీ గట్టిగా ఉంటే దర్జీ భాయ్ నిక్కరు లోపల స్పాంజి పెట్టి కుట్టాడు. కొలతలు తీసుకుంటూ, "కుర్చీ ప్యాంటుకే కుట్టుమంటవా సాబ్? చేతులు గూడ పెట్టాల్నా?" అన్నాడు.

ఇంత చేసినా ఆ సైకిలెక్కి రోడ్డు మీదికి పోతే నాకు భయమే. పందెం చూసినవాడికి పడటం ఎట్లా ఉంటుందో తెలుసు, అదే వచ్చిన చిక్కు. లారీ హారన్ కొడితే నా వెన్ను తనంతట తానే ముడుచుకునేది. ఇసుక కనబడితే ఇసుక మీద జారి పడ్డవాళ్లందరూ గుర్తొచ్చేవారు. ఏమీ కనబడకపోతే, ఎందుకు ఏమీ కనబడటం లేదా అని ఇంకా భయం. అయినా ప్రతి ఆదివారం నిజామాబాద్ నుంచి బోధన్ దాకా పోయి, అక్కడ ఒక చాయ్ తాగి తిరిగొచ్చేవాణ్ని.

ఆ ఆదివారం తిరుగు ప్రయాణంలో ఎదురుగాలి. నేను ఎంత తొక్కినా రోడ్డు వెనక్కి పోతున్నట్టే లేదు. అప్పుడు పక్కనుంచి ఒక చెరకు ట్రాక్టరు దాటింది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతబడ్డాక ఈ చుట్టుపక్కల మిగిలిన కొద్దిపాటి చెరకు దూరపు ఫ్యాక్టరీలకు ఇట్లాగే పోతుంది. రెండు ట్రాలీలు, మిద్దె ఎత్తున చెరకు, వెనక్కి వేలాడే ఆకులు. నా ముందునుంచి ఒక ఊరే లేచి వెళ్లిపోతున్నట్టు ఉంది.

రెండో ట్రాలీ దాటగానే దాని చాటుకు దూరాను.

గాలి ఆగిపోయింది. నిజంగా ఎవరో స్విచ్ ఆపినట్టు ఆగింది. పెడలు దానంతట అదే తిరుగుతోంది, హ్యాండిల్ మీది స్పీడు మీటరు పైకి పోతోంది. యాభై దాటింది. చెరకు తీపి వాసన. ఆకులు ముక్కు మీద తగులుతున్నాయి. అప్పుడు నాకు భయం లేదు. ఏడాదిలో ఆ కాసేపే లేదు, ఆ లేకపోవడమే కొంప ముంచింది. ట్రాలీకి చేతులుండవనీ, గుంత వస్తే చూపించదనీ నాకు తట్టలేదు.

ఒక మలుపులో డ్రైవరు అద్దంలో నన్ను చూశాడు. మెడ బయటికి పెట్టి అరిచాడు.

"ఏ అన్నా! చెరుకు గుంజకు! పెద్దమనిషివి గద, సిగ్గు లేదా?"

దారిలో పిల్లలు ట్రాలీల వెనక పరిగెత్తి చెరకు గడలు గుంజుకోవడం ఇక్కడ మామూలే. యాభై ఏళ్లవాడు, బిగుతు నిక్కరేసుకుని, హెల్మెట్ పెట్టుకుని దొంగతనానికి రావడం మాత్రం అతను మొదటిసారి చూస్తున్నాడు.

"గుంజుత లేనన్నా! గాలికి అచ్చిన!"

"గాలికొస్తే ఇంటికాడ పంక లేదా?"

నవ్వుతూనే ఉన్నాను. అప్పుడే ట్రాక్టరు కుడికి తిరిగింది, దాని వెనకాలే ట్రాలీలు రెండూ ఒకదాని తర్వాత ఒకటి కుడికి జరిగాయి. గోడ తొలగిపోయినట్టయింది. ఎదురుగా సగం రోడ్డు వడ్లు.

కోతల కాలంలో మా వైపు వడ్లు తారు రోడ్డు మీదే ఎండుతాయి. సగం రోడ్డు మీద పరిచి, బండ్లు తొక్కకుండా అంచుకు రాళ్లు పేరుస్తారు. ఆ వడ్ల మధ్యలో ఒక అవ్వ, నాకు వీపు చూపిస్తూ, చీర కొంచెం ఎత్తి పట్టుకుని, పాదాలతో సాళ్లు దున్నుతున్నట్టు నెమ్మదిగా నడుస్తూ వడ్లు తిప్పుతోంది.

"అవ్వా, జరుగూ!" అని అరిచాను. ఒకసారి కాదు, మూడుసార్లు. నిజామాబాద్ స్టేషన్‌లో ఆగిన రైలు కదిలిపోయేంత గట్టిగా.

ఆమె తిరగలేదు. రెండు రాళ్ల సందులోంచి ముందు చక్రం వడ్లలోకి దిగింది. వడ్ల మీద సన్నటి టైరు ఆగదు, మంచు మీద జారినట్టు పోతుంది. నేను ఒక పక్కకి పడ్డాను, సైకిలు ఇంకో పక్కకి జారి, దాని హ్యాండిల్ ఆమె కాళ్లకు తగిలింది. అవ్వ చేతి మీద పడింది. తర్వాత ఆమె కదల్లేదు.

ఆ కదలకపోవడం ఎంతసేపో చెప్పలేను. దీన్ని పెంచడం నాకు చేతకాదు. నా నోట్లో వడ్లున్నాయి. లేచి ఆమె దగ్గరికి పోవాలి, పోలేదు. ఆమె చనిపోయిందనుకున్నాను. ఆమె చెయ్యి ఒకటి వడ్లలో సగం మునిగి ఉంది, ఆ వేళ్ల వైపే చూస్తున్నాను.

వేళ్లు కదిలాయి. "అయ్యో, నా వడ్లు" అంది.

చేలోంచి ఆమె కొడుకు పరుగెత్తుకొచ్చాడు. నాకంటే చిన్నవాడు, చేతిలో పార. ట్రాక్టరు కూడా ఆగింది. ఇంకో నలుగురు చేరారు. కొడుకు పార పారేయకుండానే నా మెడ దగ్గరి బట్ట పట్టుకున్నాడు.

"కండ్లు కనవడ్తలేవా? మనిషుంటే గూడ ఆగవా?"

"ఒర్రిన తమ్మీ! జరుగుమని మూడుసార్లు ఒర్రిన! అవ్వకు ఇనబడలే!"

అతని పట్టు కొంచెం వదులైంది. డ్రైవరు వైపు చూశాడు.

"అప్పటికి నేను ముంగటికి పోతి గద, బండి సప్పుడుకు నాకేమినవడ్తది?" అన్నాడు డ్రైవరు.

అవ్వను లేపి కూర్చోబెట్టారు. ఆమె నా వైపు చూసింది, కోపంగా కాదు, ఏదో పోగొట్టుకున్నట్టు.

"ఒర్రినవా బిడ్డా? నాకు ఇనరానే లేదు గద."

ఆటోలో బోధన్ దవాఖానకు తీసుకుపోయాం. ఎక్స్‌రే గది బయట బల్ల మీద నేను, ఆమె కొడుకు. నా నిక్కరు చిరిగి స్పాంజి బయటికొచ్చి ఉంది, ఎవరూ నవ్వలేదు. తుంటి విరిగితే ఈ వయసులో మళ్లీ నడవదని నాకు తెలుసు. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ లేచి నిలబడేవాణ్ని. చివరికి డాక్టరు బయటికొచ్చి, తుంటి బాగుందనీ, మణికట్టు ఎముక మాత్రం చిట్లిందనీ, ఆరు వారాలు కట్టు ఉండాలనీ చెప్పాడు. నేను బల్ల మీద కూలబడ్డాను. కొడుకే నా భుజం తట్టాడు.

"పోనీ అన్నా. నువ్వయితే ఒర్రినవ్. ఆమెకు చెవులు పోయినయ్, మాకు సమజ్ కాలే."

ఆ మాటతో నేను బతికిపోయాను. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు.

దుకాణంలో ఈ కథ ఎన్నిసార్లు చెప్పానో. చెప్పిన ప్రతిసారీ ట్రాలీలు ఎక్కువయ్యాయి, నా అరుపు పెద్దదైంది. దర్జీ భాయ్ ఒకసారి, "ఇంకొంచెం ఒర్రితే ఈ దుకాణం దాక ఇనబడుతుండె సాబ్" అన్నాడు. మిగతావాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను.

ఆరు వారాల తర్వాత అవ్వను చూడటానికి పోయాను. కట్టు తీసేశారు, చెయ్యి బాగుంది. ఇంటిముందు సైకిలు దిగి నడిపించుకుంటూ పోతుంటే వెనక చక్రం టిక్కు టిక్కుమంటోంది. అవ్వ గోడ వైపు తిరిగి పెసరపప్పులో రాళ్లేరుతోంది. తిరక్కుండానే, "గా టిక్కు టిక్కు సైకిలు నీదే గద బిడ్డా? రా, కూసో" అంది.

చక్రాన్ని చేత్తో పట్టి ఆపాను.

కొడుకు చాయ్ తెప్పించాడు. యాసంగి పంటకు అవ్వను ఇక రోడ్డు మీది వడ్ల దగ్గరికి రానివ్వనన్నాడు. "చెవులు ఇనవడనోళ్లను రోడ్డు మీద ఎట్ల ఇడుస్తం అన్నా?"

అవ్వ పళ్లెం పక్కన పెట్టింది. "చెవులు పోతే ఎట్ల బిడ్డా? వడ్లు ఎండితే కాళ్ల కింద గలగల అంటయి. పచ్చిగుంటే అనయి. నేను చెప్తెనే వీడు సంచులకెత్తేది. ఇగ నాకే నమ్మకం లేదు. ఏది ఇనబడ్డదో, ఏది నేననుకున్ననో." చేత్తో పప్పు ఒకసారి కదిపి, ఆ చప్పుడు విని, మళ్లీ కదిపింది. "గిది ఇనబడుతున్నది. మరి నువ్వంత ఒర్రితే ఎట్ల ఇనబడలేదో."

చాయ్ తాగాను. వేడిగా ఉందో చల్లగా ఉందో గుర్తులేదు. నోరు తెరిచాను, కొడుకు నా వైపు చూశాడు, పార పట్టుకున్న ఆ చెయ్యి గుర్తొచ్చింది. "బాగయితది అవ్వా" అని లేచి వచ్చేశాను.

నా లెక్క ఇక్కడ ఒప్పజెబుతాను. కుక్కలు ఎప్పుడూ రెండుకు మించి లేవు. మీటరు ముప్పై దాటలేదు, చెరకు ట్రాక్టరు యాభైలో పోదు. ఇవన్నీ పెంచినవి. కల్పించింది మాత్రం ఒక్కటి. నేను అరవలేదు. ఒక్కసారి కూడా. అవ్వ వీపు కనబడగానే గొంతు మూసుకుపోయింది, గాలి కూడా బయటికి రాలేదు. అరిచి ఉంటే ఆమెకు వినబడేది, రెండడుగులు పక్కకు జరిగేది. కొడుకు నా మెడ పట్టుకున్నప్పుడు భయంతో నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఆ మూడు అరుపులు. వడ్ల ముందు రాని గొంతు అప్పుడు ఎట్లా వచ్చిందో వచ్చింది.

నేనే పోయి చెప్పాలి. రెండు ఆదివారాలు ఎడపల్లి దాకా పోయి తిరిగొచ్చాను. ఈలోగా ఆ ఇంట్లో ఎవరికైనా ఈ కాగితం దొరికితే అవ్వకు చదివి వినిపించండి. గట్టిగా చదవక్కర్లేదు.